ఫ్యాన్ వేయమని అడగాల్సిన ఇల్లు

జూన్ 3

ఈ రోజు కూడా వెళ్లి చూసి వచ్చాను. బస్సులో పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు, మధ్యలో ఆసుపత్రిలో నా భార్య మంచం పక్కన ఒక గంట. మేడమెట్ల మీంచి పడి మెడ ఎముక విరిగి అయిదు నెలలైంది. కాళ్లు లేవవు. చేతుల్లో కుడి బొటనవేలు ఒక్కటే చెప్పిన మాట వింటోంది. నోటికి మాత్రం ఏమీ కాలేదు. అందుకే మొహం మీదే చెప్పేసింది. ఇంటికి రాదట. ఆ ఊళ్లోనే మంచాన పడ్డవాళ్లని చూసుకునే హోమ్ ఏదైనా చూడమని తన తమ్ముడికి చెప్పిందట.

ఎందుకని అడిగాను.

“ఫ్యాన్ వేయమని కూడా అడుక్కోవాల్సిన ఇంటికి నేను రాను.”

నేను వేస్తాను కదా అన్నాను. అదే వద్దంది.

జూన్ 4

టైలరింగ్ షాపు తెరవలేదు.

జూన్ 7, ఆదివారం

ఆమె సొరుగు తెరిచాను. పదిహేడేళ్లు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ నడిపిన మనిషి. సొరుగులో పేకముక్కంత కంప్యూటర్ బోర్డు ఉంది. నాలుగు నీలం డబ్బీలున్న ఇంకో బోర్డు ఉంది. బావమరిదికి ఫోటో పంపితే అది రిలే బోర్డన్నాడు. ఫోన్‌లో నొక్కితే కంప్యూటర్‌కి తెలుస్తుందట, కంప్యూటర్ చెబితే రిలే టక్కుమని స్విచ్‌లా పని చేస్తుందట. ఒక్క వేలు చాలా అని అడిగాను. చాలు బావా అన్నాడు.

జూన్ 15

సూదిలో దారం ఎక్కించేవాడికి తీగలొక లెక్కా అనుకున్నాను. లెక్కే. ఆన్ నొక్కితే లైటు ఆరుతోంది, ఆఫ్ నొక్కితే వెలుగుతోంది. బావమరిది ఫోన్ ఎత్తలేదు. ఆమెకు చేశాను. చెప్పింది, ఆ రకం బోర్డుకి సున్నా పంపితే ఆన్, ఒకటి పంపితే ఆఫ్ అని. ఇదంతా ఎవరు చేయమన్నారని అడిగి పెట్టేసింది.

అయినా రెండు నిమిషాలు మాట్లాడింది. అయిదు నెలల్లో ఇదే ఎక్కువ.

జూన్ 16

మళ్లీ చేశాను. తెలిసిన సంగతే అడిగాను.

జూన్ 21, ఆదివారం

వీడియో కాల్‌లో వైరింగ్ చూపించాను. అక్కడ ఆయా ఫోన్ పట్టుకుంది. మెయిన్ స్విచ్ ఆపారా అని మా ఆవిడ అడిగింది. ఆపలేదన్నాను.

“ఆ ఇంట్లో ఒక్క మనిషి పడింది చాలదా? దిగండి స్టూలు మీంచి. ముందు మెయిన్ ఆపండి.”

అక్కడితో ఆగలేదు. పది నిమిషాలు తిట్టింది. మా పెళ్లయిన కొత్తలో కుక్కర్ మాడ్చినప్పుడు కూడా ఇంత తిట్టలేదు. నేను స్టూలు పక్కన చేతులు కట్టుకుని నిలబడి విన్నాను. ఉప్పులేని కూర తిని బతకొచ్చు, ఆ తిట్లు లేకుండా ఇన్నాళ్లు ఎలా ఉన్నానో తెలియదు. ఉన్నట్టుండి తెరమీద గోడ కనిపించింది. మేడమ్ ఏడుస్తున్నారు, తర్వాత చేయండి అంది ఆయా.

జూలై 2

అయింది. ముందుగదిలో ఫ్యాను, లైటు, రేడియో, పడగ్గదిలో దీపం. బావమరిది వెళ్లి ఆమె ఫోన్‌లో యాప్ పెట్టి వచ్చాడు. ఆమె తెరవలేదట.

జూలై 3

లేదు.

జూలై 4

లేదు.

జూలై 9, సాయంత్రం 6:40

తాళం తీసేసరికి ముందుగదిలో లైటు వెలుగుతోంది. పొద్దున ఆపే వెళ్లాను. దొంగేమో అనుకున్నాను. ఇంతలో టక్కుమంది. ఫ్యాన్ తిరిగింది. ఇంకోసారి టక్కుమంటే రేడియోలో ఎవరో రేపటి వాన గురించి చెబుతున్నారు. చెప్పులతోనే గది మధ్యలో నిలబడిపోయాను.

ఫోన్ మోగింది. చేరారా అంది. చేరానన్నాను. పెట్టేసింది. నేనే చాలాసేపు ఫోన్ చెవి దగ్గర ఉంచుకున్నాను.

జూలై 18

రోజూ వెలుగుతోంది. వీధి మలుపులోనే కిటికీ చూస్తాను. ఇప్పుడు షాపు పదిహేను నిమిషాలు ముందే మూస్తున్నాను.

జూలై 19, ఆదివారం

వెళ్లాను. ఎప్పుడు వస్తావని అడిగాను. ఇక్కడినుంచే ఇల్లు నడుపుతున్నాను కదా, ఇక రావడమెందుకంది. నవ్వుతూనే అంది. కానీ హోమ్ వాళ్ల కాగితాలు దిండు కింద ఉన్నాయి. నేను తీసిన గోతిలో నేనే పడ్డాను.

జూలై 20, సాయంత్రం

బోర్డు ప్లగ్గు పీకేశాను.

ఏడింటికి ఫోన్ చేసింది. బోర్డు పలకడం లేదు, ఏం పాడైందని అడిగింది. పాడవలేదు, పీకేశానన్నాను. ఎందుకంది. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది ఇది, గుర్తున్నంత వరకు:

“లైటు నువ్వు వేస్తున్నావు, దాని కింద నేనొక్కణ్ణే కూర్చుంటున్నాను. అడగడం నీకు కష్టమే, కాదనను. అడిగే మనిషి లేకపోవడం నాకు ఎంత కష్టమో నువ్వు ఒక్కసారైనా అడిగావా?”

ఫోన్ పెట్టలేదు. అటువైపు ఎవరో ట్రాలీ తోసుకుపోతున్న చప్పుడు వినిపించింది.

పడగ్గది తలుపు వెడల్పెంత అని అడిగింది. అర్థం కాలేదు. వీల్‌చైర్ పట్టాలి కదా, మీ మెడలో టేపుంటుంది, కొలవండి అంది.

ఇరవై ఎనిమిది అంగుళాలు. మూడుసార్లు కొలిచాను. పట్టదంది. ముందుగది తలుపు కొలవమంది. ముప్పై ఆరు. అయితే మంచం అక్కడ వేయండి, ఆ ప్లగ్గు కూడా మళ్లీ పెట్టండి అంది.

ఆగస్టు 14

రేపు. కిటికీకి కొత్త తెర కుట్టాను.

ఆగస్టు 16, ఉదయం 6

ముందుగదిలోంచి పిలిచింది. పరుగున వెళ్లాను. ఏం కావాలన్నాను. ఏమీ వద్దట. ఊరికే పిలిచిందట.