నలభై రెండో గది

మంగళవారం రాత్రి, తార్నాక

రమేశ్ ఈరోజు సెమినార్ ఇవ్వలేదు. నా దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లలో అందరికంటే చురుకైనవాడు. ప్రొజెక్టర్ పనిచేయక ఆఖరు నిమిషంలో నలభై రెండో గదికి మార్చారు. వాడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"గీ గదిలకు పోతే మళ్ల బయటికి రాం మేడం."

నవ్వబోయి ఆగాను. వాడి థీసిస్ అంతా అదే. సంఖ్యలోని ఒక్కో అంకెనూ వర్గం చేసి కూడాలి. వచ్చినదాన్ని మళ్లీ అలాగే చేయాలి. కొన్ని ఒకటికి చేరి ఆగిపోతాయి. మిగతావన్నీ ఒకే వలయంలో పడి తిరుగుతూనే ఉంటాయి. నలభై రెండు ఆ వలయంలోదే.

"గది నంబరుకు ఇవన్నీ తెలుస్తాయారా?" అన్నాను.

"మనకు తెల్సు కదా మేడం," అని క్యాంపస్ గేటు వైపు వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఫోన్ ఎత్తడం లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి తాళంచెవి తీశాను. ఎదురుగా మా ఫ్లాటు నంబరు, 204. రెండుకు నాలుగు, సున్నాకు సున్నా, నాలుగుకు పదహారు. మొత్తం ఇరవై. అదీ వలయంలోదే.

ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా మెట్ల మీదే కూర్చున్నాను. తాళంచెవి పోయిందా అని అడిగారు.

పిడికిలి బిగించి, అవునన్నాను.