తలుపు వేసి అడిగిన మాట

అన్నయ్యా,

ఈ ఉత్తరం వదిన కంట పడకుండా చదువు. చదివాక అందరికీ వినిపించినా సరే, నీ ఇష్టం.

ఆ చివరి రిపోర్టు వచ్చినరోజు నర్సు "నెగెటివ్" అనగానే అమ్మ బావురుమంది కదా! "నెగెటివ్ అంటే మంచిదేనండీ. మీ అమ్మాయి కిడ్నీని మీ అబ్బాయి ఒళ్ళు ఎదిరించదు" అని ఆవిడ చెప్పాక వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది. మా కుట్టు షాపు మేస్త్రీ నన్ను నెగెటివ్ మనిషి అంటాడు, అది తిట్టు. మన ఇద్దరి రక్తమూ నెగెటివే, అది పుట్టుక. ఆరోజు మాత్రం అదే మాట మీ అందరికీ వరమైంది. నేనేమో కుదరదని రావాలని మొక్కుకున్నానన్నయ్యా.

ఆ ఆస్పత్రిలో ఒక పద్ధతుంది. ఇచ్చేవాళ్ళని ఒంటరిగా లోపలికి పిలిచి, తలుపు వేసి అడుగుతారు. "ఇష్టం లేకపోతే వద్దనండి. కారణం అడగను. మళ్ళీ చేసిన పరీక్షలో సరిపడలేదని మాత్రమే మీవాళ్ళతో చెప్తాను" అన్నాడు డాక్టరు. నేను వద్దన్నాను. సరిపడకపోవడమేమీ లేదు. చిన్నప్పుడు అన్నం వద్దు, స్నానం వద్దు, బడి వద్దు అంటుంటే వద్దమ్మ అని పేరు పెట్టి నవ్వేవారే, ఆ నోటితోనే అన్నాను.

పిల్లలు చిన్నవాళ్ళని సాకు చెప్పొచ్చు. చెప్పను. భయం, అంతే. ఆపరేషను బల్ల మీద పడుకోవడం నావల్ల కాదు. ఇప్పుడు షాపులో కుట్టిన కాజాలే మళ్ళీ విప్పి కుడుతున్నాను. అమ్మేమో "నీ తప్పేముందే తల్లీ" అని నన్నే ఓదారుస్తోంది. వదిన ఫోను చేసి "నువ్వు సిద్ధపడ్డావు, అదే పదివేలు" అంది. ఏ గోతిలో పడి చావను? నువ్వు చెంప పగలగొట్టినా ఇంతకంటే నయంగా ఉండేది. నిన్ను చంపుకుంటున్నానని నాకు తెలుసు. తెలిసీ, రేపు మళ్ళీ అడిగినా వద్దనే అంటాను. అదే నన్ను తినేస్తోంది.

నీ చెల్లెలు


చెల్లీ,

డయాలసిస్ కుర్చీలోంచి రాస్తున్నాను. ఎడమచేతికి సూదులు, కాగితం పట్టుకునే దిక్కు లేదు. కోడిగీతలని వెక్కిరించకు.

తలుపు వేసి అడిగేది ఇచ్చేవాళ్ళనొక్కళ్ళనే అనుకున్నావా? పుచ్చుకునేవాళ్ళనీ అడుగుతారు. నన్ను నీకంటే ముందురోజే పిలిచారు. "మా చెల్లెలి దగ్గర తీసుకోను, వద్దు" అన్నాను. "ఆవిడ మాట కూడా విన్నాకే బయటికి చెప్తాను, అది మా పద్ధతి" అన్నాడాయన. నువ్వు ఊ అన్నా ఆపరేషను జరిగేది కాదు.

ఎందుకన్నానంటావా? ఇన్నేళ్ళుగా లిఫ్టులు బాగుచేశాను. మధ్యలో ఆగిపోయిన లిఫ్టులో చిక్కుకున్నవాళ్ళ మొహాలు బోలెడు చూశాను. లోపల్నుంచి ఎంత ధైర్యంగా మాట్లాడినా, తలుపు సందులోంచి కళ్ళు చూస్తే తెలిసిపోతుంది. పరీక్షలకి వచ్చిన ప్రతిసారీ నీ కళ్ళు అలాగే ఉన్నాయి. తలుపు తీయడం తప్ప నాకేం చేతనవును?

అలాగని నన్ను దేవుణ్ణి చెయ్యకు. ఇంటికొచ్చి, కుళాయి తిప్పి ఆ చప్పుడులో వెక్కివెక్కి ఏడ్చాను. బతకాలనుందే, చాలా ఉంది. నువ్వు ఒప్పేసుకుని, డాక్టరు నన్ను మళ్ళీ పిలిచి బతిమాలితే బాగుండుననీ అనుకున్నాను. పిలిస్తే ఏమనేవాణ్ణో నాకే తెలీదు. కాబట్టి సిగ్గుపడాల్సివస్తే ఇద్దరం కలిసే పడదాం.

వేరేవాళ్ళ కిడ్నీ కోసం పేరు రాయించాను. వస్తే వస్తుంది, లేకపోతే లేదు. అమ్మకీ మీ వదినకీ ఈ సంగతి వద్దు. సరిపడలేదన్న మాట మీద వాళ్ళు ఎలాగో నిలబడ్డారు, దాన్ని లాగెయ్యకు.

నీ వద్దు కంటే నా వద్దు ముందు పుట్టింది. పెద్దవాణ్ణి, నాదే చెల్లుతుంది. నీదాన్ని మోసుకుని తిరగకు.

ఆస్పత్రి అంటే భయమని నాకు తెలుసు. అయినా ఒకసారి ఇక్కడికి రా, పక్కన కూచో. కాగితం పట్టుకుందువుగాని.

నీ అన్నయ్య