మరియమ్మ మడమలు

బళ్లారి, 12 మార్చి 1958

ఫాదర్ చూపిన పుస్తకంలో పాతకాలపు ఇటలీ చిత్రకారులు పునీతులకు కూలివాళ్ల మట్టికాళ్లే వేశారు. ఆ ధైర్యంతోనే చర్చికి వేస్తున్న మరియమ్మ పటంలో, పోయిన ఏడాది చనిపోయిన నా గంగ పాదాలు వేశాను. అవే పగిలిన మడమలు, పగుళ్లలో అదే పసుపు. ఫాదర్ చాలాసేపు చూసి నా భుజం తట్టారు.

ఈరోజు చర్చి పెద్ద చిన్నప్ప వచ్చాడు. "ఏందప్పా ఇది, మన ఆడోళ్ల కాళ్ల మాదిరి ఉండాది! దేవుని తల్లికి పసుపేంది? జనం నగుతారు, తుడిచెయ్" అన్నాడు. ఫాదర్ తల దించుకున్నారు. అవి నా భార్య పాదాలని నోరు తెరిచి చెప్పలేకపోయాను. గంగకు ఒక్క ఫొటో కూడా లేదు.

గంగ పోయిన రోజు ఆ పాదాలకు పసుపు రాసింది మా అక్క. ఈరోజు టర్పెంటైన్ గుడ్డతో తుడిచింది నేను. పసుపు తొందరగానే పోయింది. పగుళ్లు మాత్రం పొద్దుగూకే దాకా పోలేదు.