తెరమీద కనబడ్డ ఆస్టిన్ కారు విషయమై

విశాఖపట్నం జిల్లా చోడవరం కాపురస్థుడు, కీ.శే. అప్పలస్వామి కొడుకు పరదేశి అను నేను, నలభై తొమ్మిదో ఏట, గుండె సరిగా లేకపోయినా మతి సరిగానే ఉండి, ఒకరి బలవంతం లేకుండా స్వదస్తూరీతో రాసిన వీలునామా. మతి లేదని రేపు మా తమ్ముడు సత్యారావు అంటాడు. అందుకే డాక్టరు కాగితం వెనక కుట్టేను. ప్రతి పేజీకీ సంతకం పెట్టేను. ఒక పేజీ తగ్గితే ఎవరు చింపేరో వెతకండి.

1. నా వాటా ఇల్లు, పెరడు సర్వహక్కులతో మా చెల్లెలు నూకరత్నానికి చెందాలి. సత్యారావుకి చెందదు. దాని మొగుడు దాసుని చంపిన కారు బంగార్రాజుదని ఊరంతా గుసగుసలాడుతుంటే, ఆ బంగార్రాజు బెల్లం గానుగలోనే గుమాస్తాగా కూర్చున్నవాడికి నా గోడ నీడ కూడా దక్కకూడదు.

2. విధవలూ మనుషులేనని నేను అచ్చేయించిన కరపత్రాల కట్టలు మాత్రం సత్యారావుకే. చదవడు. పొట్లాలు కట్టుకున్నా ఒక వాక్యమైనా కంటబడుతుంది.

3. కార్ల నోటుబుక్కు, ఈ వీలునామా అమలు జరిపే అధికారం టీచరు జ్ఞానకుమారి గారికి. ఆవిడ ప్రతి విషయంలోనూ నాతో తగువాడింది, అందుకే నమ్మేను.

నోటుబుక్కు ఎందుకంటే: 1949లో కె.కోటపాడు రోడ్డు మీద దాసు బండిని ఒక కారు గుద్ది ఆగకుండా పోయింది. ఎడమ మడ్గార్డు మీద రేకు అతుకు, దానిమీద మూడు బొడిపెలు నూకరత్నం కళ్ళారా చూసింది. విచారణకొచ్చిన ఉద్యోగి ఏ కంపెనీ కారని అడిగేడు. "నాకేటి తెలుస్తాది బాబూ, అతుకు సూసేను" అంది. ఆడదానికి కార్లేం తెలుసని ఆమె మాట రాయనే లేదు. అతుకున్న తన ఆస్టిన్‌ని అంతకు ముందేడే ముక్కలు చేసి ఇనుముకి అమ్మేశానని బంగార్రాజు చెప్పేడు. అది రాసుకున్నారు.

అప్పట్నుంచీ టూరింగ్ టాకీసులో నేలమీద కూర్చుని కార్లు నేర్చేను. ముందు జాలీ చూసి మోరిసో, హిల్‌మనో, ఆస్టినో చెప్పగలను. పోయినేడు చూసిన, 1953లో తీసిన ఒక సినిమాలో, ముక్కలైపోయిందన్న ఆ ఆస్టిన్ పరిగెత్తింది! అతుకు, మూడు బొడిపెలు. "అతుకు కుడివేపుంది, స్టీరింగు ఎడమవేపుంది, అది అమెరికా కారన్నయ్యా" అని సత్యారావు నవ్వేడు. అదే సీన్లో కిళ్ళీకొట్టు బోర్డు మీద అక్షరాలూ తిరగబడ్డాయిరా గుడ్డోడా! ఆపరేటరు రీలు తిప్పి తొడిగేడు, బొమ్మంతా కుడి ఎడమైంది. మర్నాడే డేరా ఎత్తేసేరు. ఎవరెత్తించేరు?

4. ఆ సినిమా పేరు నోటుబుక్కు చివర ఉంది. మళ్ళీ మాడుగులకో, రోలుగుంటకో వస్తే జ్ఞానకుమారి గారు నూకరత్నాన్ని తీసికెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాలి. విధవకి సినిమా ఏటని ఎవరైనా అంటే నా కరపత్రం చేతికివ్వండి. వేలు పెట్టి చూపించొద్దు, మోచేత్తో పొడవొద్దు. నా అనుమానం దాని కళ్ళకెక్కుతుందని ఇన్నాళ్ళూ ఈ సంగతి దానికి చెప్పలేదు. మూడు, నాలుగు క్లాజులు అంతవరకూ చదివి వినిపించొద్దు. విశ్రాంతిలో హల్వా అంటే దానికి ఇష్టం. కానీ అది నోరు విప్పేవరకూ పెట్టకండి, లంచమంటారు.

అదే కారంటే దాని మాటల్లోనే అర్జీ రాసి, దాని వేలిముద్రే వేయించండి. కాదంటే నోటుబుక్కు కాల్చి, పరదేశి పొరబడ్డాడని బంగార్రాజు వీధరుగు మీద పదిమందిలో చెప్పండి. నాకు నరకమే. అయినా చెప్పండి. నాకు నచ్చలేదని నేనూ దాని మాట కొట్టేస్తే, ఆ ఉద్యోగికీ నాకూ తేడా ఏటి?

1956 ఫిబ్రవరి 11, చోడవరం.

(చేవ్రాలు) పరదేశి

సాక్షులు: పెదబాబు, కృపారావు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. అందుకే పిలిచేను.