నీళ్ళు మానిన తోట

జవళగిరి,
1962 మే నెల.

చిరంజీవి వరదప్పను నాయన, అమ్మ దీవించి రాసేది. ఇక్కడ మనుషులమంతా క్షేమంగానే ఉన్నాము. ఆ కలకత్తా నీళ్ళు నీ ఒంటికి పడ్డాయో లేదో రాయి.

నీ ఉత్తరం అందింది. ముందు మీ అమ్మ మాట చెబుతాను. హోటల్లో వైన్ల పని నేర్చుకునేటప్పుడు నోట్లో పోసుకుని, రుచి చూసి, ఉమ్మేస్తామని రాశావు కదా. చదివి వినిపిస్తే మీ అమ్మ నవ్వలేదు. "నోట్లో పోసుకున్నోడు యాడన్నా ఉమ్ముతాడా? ఈడికి రానీ, వాని మొగం చూసి నేను చెప్తా" అంది. చుట్టాలకు మాత్రం నువ్వు హోటల్లో లెక్కలు రాస్తున్నావనే చెబుతోంది. కల్లు, సారా నువ్వు పుట్టకముందే బందైన జిల్లా మనది. అంతకంటే ఏం చెప్పాలో ఆమెకు తోచదు, పాపం.

నన్నడిగితే, నీ ఉత్తరాల పుణ్యమా అని చుక్క తాగకుండానే నాకు సగం లోకం తెలిసింది. బోర్డోలో గులకరాళ్ళ నేల, షాంపేనులో సుద్దనేల, జర్మనీలో నది ఒడ్డున మనిషి నిలవలేనంత ఏటవాలు, పోర్చుగల్‌లో రాయి పగలగొట్టి కట్టిన మెట్ల తోటలు. మన ద్రాక్షతీగలకు కొట్టే మైలుతుత్తం, సున్నం మందును బోర్డో మందు అని హోసూరు వ్యవసాయ ఆఫీసులో అనేవారు. అది ఒక ఊరి పేరని నువ్వు రాస్తేనే తెలిసింది. పక్క తోట పాపన్నకు ఈ సంగతి చెబితే, "నీ కొడుకు దొరల దగ్గర చేరి నిన్ను గూడా దొరను చేసినాడే!" అని ఎకసెక్కం చేశాడు. చేస్తే చేయనీ, నాకు సంతోషంగానే ఉండింది.

ఆషాఢంలో మీ హోటల్ పెద్దదొరను వెంటబెట్టుకుని వచ్చి తోట చూపిస్తాననీ, ఆయనకు కాయ నచ్చితే మైసూరు సీమలో లైసెన్సు తీసి వైన్ చేయిస్తాడనీ, సీసా మీద మన ఊరి పేరు ఉంటుందనీ రాశావు. తోట ఎలా ఉందని మళ్ళీ మళ్ళీ అడిగావు. నేను జవాబు రాయకుండా దాటేస్తూ వచ్చాను. ఇంక నా వల్ల కాదు.

దొరను తీసుకురావద్దు నాయనా. తోట లేదు.

పోర్చుగల్ తోటలకు నీళ్ళు పెట్టరనీ, దాహంతో వేరు లోతుకు పోతుందనీ, కాయ చిన్నదైనా రసం చిక్కబడుతుందనీ రాశావు చూడు, ఆ మాట పట్టుకుని శివరాత్రి తర్వాత నేను ఎద్దులను కట్టి కపిలతో బావి నీళ్ళు తోలడం మానేశాను. దొర వచ్చేసరికి మన కాయ ఆ దేశపు కాయలా ఉండాలని ఆశ. ఎద్దులు కొట్టంలో ఊరికే పడుకున్నాయి. ఆకు పసుపు తిరిగితే వేరు దిగుతోందనుకున్నాను. ఆకు రాలితే ఇంకా దిగుతోందనుకున్నాను. మీ అమ్మ రోజూ పోట్లాడింది. "పచ్చంగా ఉండే తీగను ఎండబెట్టే సేద్యం యాడుంది? బావిలో నీళ్ళుండాయి, కపిల కట్టు" అని ఏడ్చింది. "వరదప్ప రాసినాడు, నీకేం తెలుసు, గమ్మునుండు" అని కసిరాను.

ఒకరోజు బొటనగోరుతో తీగ బెరడు గీకి చూశాను. లోపల పచ్చి లేదు. పక్క తీగ గీకాను, అదీ అంతే. పరుగెత్తిపోయి ఎద్దులను కట్టి పొద్దుగూకేదాకా నీళ్ళు తోలాను. పాపన్న కూడా వచ్చి తోలాడు. ఆ పూట అతను ఒక్క ఎకసెక్కం ఆడలేదు. తర్వాత ఎన్ని నీళ్ళు పెట్టినా ఒక్క తీగా చిగురించలేదు.

ఇది నీకు రాయొద్దని మీ అమ్మ బతిమాలింది. "ఆడ ఒంటిగా ఉండాడు, తన వల్లే అనుకుంటాడు" అంది. నీ వల్ల ఎలా అవుతుందిరా? నువ్వు రాసింది పోర్చుగల్ సంగతి. మన తోటలో మట్టి మోకాలి లోతు, దాని కింద అంతా బండ. బావి తవ్వేటప్పుడు ఆ బండకు మందు పెట్టి పేల్చినవాణ్ణి నేనే. వేరు దిగడానికి చోటు లేదని నాకు తెలియక కాదు. చదువుకున్న కొడుకు చెబితే బండ కూడా పక్కకు జరుగుతుందనుకున్నానేమో.

ఇప్పుడు ద్రాక్ష పందిరి కింద నిలబడితే నడినెత్తిన ఎండ కొడుతోంది. మళ్ళీ నాటుదామని పాపన్న అంటున్నాడు. నాటి, పెంచి, కాపు చూసే ఓపిక నాకు లేదు, మనసూ లేదు. తెల్లారితే కాళ్ళు అటే పోతాయి. పోయి ఏం చేయాలో తెలియక తిరిగి వస్తాను. మీ అమ్మ అన్నం పెట్టి పక్కన కూర్చుంటుంది.

ఒక్కటి అడుగుతాను. ఏ దేశంలో తీగ ఎలా నాటుతారో, ఎలా కత్తిరిస్తారో, కాయ ఎలా పిండుతారో అన్నీ రాశావు. తోట చచ్చిపోతే అక్కడి మనుషులు ఏం చేస్తారు? నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. ఎక్కడా లేదు. తెలిస్తే రాయి.

ఇట్లు,
మీ నాయన
శేషప్ప