లెక్కల మాస్టారి తలుపు

బాలల సంరక్షణ అధికారి గారి సముఖమునకు,

విషయం: మా బడిలో పిల్లలను కొట్టుట తగ్గుటకు అసలు కారణములు తెలుపుట, మరియు ఒక తలుపు కోయుటకు అనుమతి కోరుట గురించి.

అయ్యా,

మా బడిలో దెబ్బల ఫిర్యాదులు ఏడాదికి పదిహేడు నుండి రెండుకు తగ్గినవనియు, అది హెడ్మాస్టరు గారి నీతిబోధ ఫలితమనియు తమరు వారికి ప్రశంసాపత్రము ఇచ్చియున్నారు. అది తప్పు. జరిగినది ఈ దిగువ మనవి చేయుచున్నాను.

1. రెండేళ్ల క్రితం, నాలుగో తరగతిలో ఉన్న మా అమ్మాయిని లెక్కల మాస్టారు తన గదికి పిలిచి, గడియ వేసి కొట్టినాడు. ఎడమ చెవి వినికిడి పోయినది. హెడ్మాస్టరు గారిని అడుగగా, "తలుపు మూసుంది కదయ్యా, లోపల ఏం జరిగిందో ఎవరు చూశారు?" అన్నారు. అన్నం ముందు కూర్చున్నా ఆ మాటే నమిలాను.

2. ఆ వేసవి సెలవుల్లో తలుపులు బాగుచేయుటకు వడ్రంగినైన నన్నే పిలిచినారు. ఎవరినీ అడగకుండా ఇరవై రెండు తలుపులకూ నడుమ కోసి గాజు పలకలు బిగించితిని. "ఇదేం పనిరా?" అని హెడ్మాస్టరు గారు కేకలేయగా, "చూసినవాళ్ళు లేరన్నారుగా సార్, ఇక ఉంటారు" అంటిని.

3. మాస్టారు తన తలుపు గాజుకు లోపలినుండి కాగితం అంటించేవాడు. బడి ఊడ్చే నా భార్య రోజూ పొద్దున్నే చింపేది. ఒకనాడు ఆయన ఒక పిల్లవాడి మీద చెయ్యెత్తి, ఎందుకో ఇటు తిరిగాడు. గాజు అవతల నా భార్య, ఇద్దరు పంతులమ్మలు, పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లులు తొమ్మిదిమంది. అందరూ ఆ చెయ్యినే చూస్తున్నారు. ఎత్తిన చెయ్యి ఎలా దించుకోవాలో ఆయనకు తెలియలేదు. వరండాలోనే ఉండి చూశాను. కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు. ఆనాటినుండి ప్రతి గది ముందూ ఎవరో ఒకరు ఆగి చూసిపోతున్నారు. దెబ్బలు తగ్గినది అందుకు.

4. ఆయనకు శిక్ష లేదు, బదిలీ మాత్రమే. కొత్త బడిలో ఆయన గదికి నిండు చెక్క తలుపు. వెళ్ళి చూసి వచ్చితిని.

కావున సదరు ప్రశంసాపత్రము రద్దుచేసి, ఆయన రిటైరయ్యేవరకు ఏ బడికి మారితే ఆ బడిలో ఆయన తలుపు కోసే పని నాకే ఇప్పించ ప్రార్థన. కూలి అక్కరలేదు. దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఎడమ చెవి పోయిన పాప తండ్రి

తా.క. మీ గుమాస్తా "అనుమతికి మూడు నెలలు పడుతుందయ్యా" అన్నాడు. పడనివ్వండి. సోమవారం పది గంటలకు, ఆ కొత్త బడిలో మాస్టారు లోపల పాఠం చెబుతుండగానే రంపం పెడతాను. ఆపాలనుంటే మీరే రండి. వచ్చినవారు ఊరికే పోకండి, ఒక్కసారి లోపలికి తొంగిచూసి పొండి.