గడువు లేదు, వేడి చేయరాదు

సోమవారం, ఉదయం 9:10
శుభారంభం! మా కంపెనీ ఆపరేషన్ కత్తెరలు, పట్టుకార్లు, సుత్తులు చేస్తుంది. ప్రభుత్వం కొత్త రూలు: వచ్చే సోమవారం నుంచి ప్రతి రకానికీ ఒక గుర్తింపు నంబరు. లేకపోతే సరుకు గేటు దాటదు. 412 రకాల వివరాలూ కంప్యూటరుకు ఎక్కించి వాళ్లకు పంపే పని నాది. "శనివారానికల్లా అయిపోతుంది సార్!" అని ఓనరుకు మాటిచ్చాను. ఆయన ఆసుపత్రికి మాటిచ్చాడు.
ఒట్టు: ఒక్క గడి కూడా ఊహించి నింపను. ప్రతిదీ చేత్తో పట్టుకుని, కొలిచి రాస్తాను.

సాయంత్రం
మూడు కత్తెరలు పూర్తి. నిఖార్సుగా!

మంగళవారం
నాలుగో కత్తెర. సేల్స్‌లో దాని పేరు "మేలురకం రెండు". స్టోరులో "చిట్టి". ఎవరికి వాళ్లు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఒక్క పేరు ఖాయం చేద్దామంటే స్టోరు పెద్దాయన, "పేరు మార్చడానికి అదేమన్నా నీ కూతురా?" అన్నాడు. అలిగాడు కూడా.

బుధవారం
స్కేలు స్టోరులో ఉంది. పెద్దాయన ఇంకా అలకలోనే ఉన్నాడు. పొడవు గడిలో "సుమారు 14" అని పెట్టాను. ఇది ఊహ కాదు, అంచనా. తేడా ఉంది.

గురువారం
పని ఇంటికి తెచ్చాను. "ఏం రాస్తున్నావే రోజంతా?" అంది అత్తయ్య. నమూనాగా ఆవిడ మీదే ఒక వరస నింపి చూపించాను.
వస్తువు: మా అత్తయ్య. పొడవు: 152 సెం.మీ. (టేపుతో కొలిచాను, కదలకుండా నిలబడింది పాపం). ఒకసారి వాడి పారేసేదా: కాదు. గడువు: లేదు. హెచ్చరిక: వేడి చేయరాదు.
ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఇక పనేం సాగుతుంది!

శుక్రవారం
పై గడి కాపీ, కింది గడిలో పేస్టు. ఎంత హాయి! ఎముకల సుత్తి కూడా కత్తెరంత పొడవే అయింది. పోనీలే.

శనివారం, మధ్యాహ్నం
పంపేశాను!!
3:20. జవాబు. తిప్పికొట్టినవి 409. ఆమోదించినవి 4. మూడు సోమవారం నాటి కత్తెరలు. నాలుగోది మా అత్తయ్య.
ఆ నాలుగో నంబరుతో అచ్చయిన లేబులు ఓనరు పట్టుకొచ్చాడు. "ఈ నూటయాభై రెండు సెంటీమీటర్ల పనిముట్టు ఏదమ్మా?" సిగ్గుతో చచ్చాను. ఆయన నవ్వలేదు. "సోమవారం ఆసుపత్రికి వెళ్లే లారీ ఆగితే అక్కడ ఆపరేషన్లు ఆగుతాయి. కనీసం లారీలో వెళ్లే నలభై రకాలైనా రేపటికి చెయ్యి." భయం వేసింది. నిజంగా.

ఆదివారం, ఉదయం
లేబులు చూసి అత్తయ్య మురిసిపోయింది. "గడువు లేదా!" అని ఫ్రిజ్ మీద అంటించింది. తర్వాత, "నన్ను కొలిచినట్టు వాటినీ కొలిచుంటే పోయేదిగా? పద, టేపు నేను పడతాను."
స్టోరులో పెద్దాయనతో, "అన్నయ్యగారూ, ఇంట్లో పిల్లని ఏమని పిలిచినా బడిలో పేరు ఒకటే కదండీ" అంది. ఆయన స్కేలు ఇచ్చేశాడు!
ఒట్టు: ఒక్క గడి కూడా ఊహించి నింపను. నాలుగో కత్తెర. పొడవు 14.3. సుమారు లేదు.
అత్తయ్య వరస మాత్రం చెరిపేయాలి. ఆవిడకింకా చెప్పలేదు. లేబులు మీద హెచ్చరిక ఉందిగా.